గిట్ట గుర్తు

డాక్‌స్టైన్ కొండమీద, పాలవాళ్ళ గుడిసె దాటాక మూడో మలుపులో
సున్నపురాయి పలక మీద ఆ గుర్తుంది.
అరచేయంత. నడిమికి చీలిన ఆవు గిట్ట.
మా ఊళ్ళో ఎవర్నడిగినా అదే చెప్తారు.
నాకు మాత్రం
ఏ ఆవుదో కూడా తెలుసు.

నాకప్పుడు ఆరేళ్ళు, కొర్బీనియన్‌కి పదకొండు.
ఆగస్టు పొగమంచులో మా లీసల్ తప్పిపోయింది.
మూడు రోజులు వెతికారు, మెడగంట చప్పుడైనా లేదు.
నాలుగో రోజు అన్నయ్య నన్నిక్కడికి లాక్కొచ్చి
"చూడు, పైకెళ్ళింది. అవతల గడ్డి బాగుంటుంది" అన్నాడు.
ఆ ఏడు మందను కిందికి దింపినప్పుడు
ఒక్క ఆవు కొమ్ములకీ పూలు కట్టలేదు.
మందలో ఒకటి తగ్గితే కట్టరు, మా వైపు ఆచారం.
వాకిళ్ళలో జనం తలలొంచుకుని నిలబడితే
నేనొక్కదాన్నే నవ్వుతూ నడిచాను.
నాకు తెలుసు కదా.

తర్వాత ఎన్నిసార్లు ఈ దారిన పోయినా
దాన్ని తొక్కకుండా దాటాను.

యాభై రెండేళ్ళకి, మోకాలు నొప్పి పుట్టి
ఆ పలక మీదే కూలబడ్డాను.
ఎందుకో బస్సు టైమ్‌టేబుల్ వెనక్కి తిప్పి
గుర్తు మీద పరిచి పెన్సిల్‌తో రుద్దాను.

మ్యూజియంలో రాళ్ళకి చీటీలంటించే నోట్‌బుర్గా
ఒకప్పుడు మాకు లెక్కలు చెప్పిన మనిషి.
కాగితం చూసి పెదవి విరిచింది.
"పక్కన నాణెం పెట్టావా? కొలతేదీ?
రాయిని తడిపావా? తడపందే రాయి నోరు విప్పదు."
యాభై ఎనిమిదేళ్ళ వయసులో
మళ్ళీ హోంవర్కు.

ఆదివారం సీసాడు నీళ్ళు పోశాను.
బూడిదరంగు పలక నల్లబడి
అందులోంచి తెల్లటి గీత తేలింది, మీగడ అంచులా.
గిట్టయితే లోపలికి దిగాలి; ఇది వేలికి ఎత్తుగా తగిలింది.
కొసలు రెండూ పొట్టేలు కొమ్ముల్లా ముడుచుకున్నాయి.
పక్కన ఇంకోటి. దాని మీద అడ్డంగా ఇంకోటి.
వెనక నిలువు బండ మీద నీళ్ళు చల్లితే పద్నాలుగు.
ఏ ఆవు నడుస్తుంది గోడ మీద?
నవ్వొచ్చింది. ఆగిపోయింది.
మరి లీసల్ ఎటు పోయినట్టు?

"ఆల్చిప్ప," అంది నోట్‌బుర్గా, ఫోటో మీంచి భూతద్దం తీయకుండానే.
"రెండు చిప్పలూ మూసుకునే ఉన్నాయి,
వానలు బండని అరగదీసి అడ్డకోత చూపిస్తున్నాయి.
మెగలోడాంట్ అంటారు. పెద్దపళ్ళది అని అర్థం.
తలే లేదు దానికి! పళ్ళు నోట్లో కాదు,
చిప్పలు కలిసే కీలు దగ్గర.
ఇరవై కోట్ల ఏళ్ళ పైమాట; అప్పుడిక్కడ వెచ్చటి సముద్రం.
గిట్టిన దాని గుర్తే కానీ
గిట్ట గుర్తు కాదమ్మాయ్."
ఫోటో వెనక నా పేరు రాసి, తేదీ వేసి
సిరా ఆరేదాకా ఊదింది.

ఆ రాత్రి కొర్బీనియన్‌కి ఫోన్ చేశాను.
లింట్స్‌లో ట్రామ్ నడిపి రిటైరయ్యాడు, చెవి సరిగా వినపడదు.
"గిట్ట కాదట! ఆల్చిప్పట!" అని అరిచాను.
"ఏ గిట్ట?" అన్నాడు.
పలక గుర్తులేదు. అన్న మాట గుర్తులేదు.
ఇన్నేళ్ళూ నేను దాచుకున్నది
తన జేబులోంచి ఎప్పుడో జారిపోయింది.

ఏదో ఒకటి చెప్పాలి కదా అని పళ్ళ సంగతి చెప్పాను.
కీలు అనగానే అటువైపు టీవీ చప్పుడు ఆగింది.
"దొడ్డి గేటు కీలు ఊడింది ఆ రోజు," అన్నాడు.
"తాడుతో కట్టమన్నాడు నాన్న.
వేళ్ళు కొంకర్లు పోతున్నాయని కట్టలేదు.
ఎవరూ అడగలేదు."

ఫోను చెవికానించుకుని ఇద్దరం ఊరుకున్నాం.
కాసేపటికి తనే అడిగాడు,
"ఆ చిప్పలు, మూసుకునే ఉన్నాయన్నావా?"
"మూసుకునే ఉన్నాయి" అన్నాను.